బక్షాలు పగిలితే దిష్టి అనుకునే అత్తమ్మకు ఏం చెప్పాలి?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. పూర్ణాన్ని బయటివాళ్ళెవరైనా చూస్తే బక్షాలు (బొబ్బట్లు) పెనం మీద పగులుతాయని మీ అత్తమ్మ అంటారు. మీరేమో టెట్ కోసం సైకాలజీ చదువుతున్నారు. దీన్ని ధ్రువీకరణ పక్షపాతం (మన నమ్మకానికి సరిపోయేవే చూసి, మిగతావి వదిలేయడం) అనొచ్చా, అయితే ఆమె నొచ్చుకోకుండా ఆ మాట ఎలా చెప్పాలి అని అడిగారు.

నేను జీవశాస్త్రం టీచర్‌ని. ఉండేది హన్మకొండ, అత్తగారిది నర్సంపేట దగ్గర పల్లె. ఇదే పంచాయితీ మా వంటింట్లో 2004 ఉగాది నుంచి నడిచింది. పేరు పెట్టడం వరకైతే పెట్టొచ్చు. ఆమెకు చెప్పడం మాత్రం కొన్నాళ్ళు ఆపండి. నేను తొందరపడి చెప్పాను, పదహారేళ్ళ తర్వాత నా మాటే నాకు అడ్డం తిరిగింది.

పెళ్ళయ్యాక మొదటి ఉగాది అది. రెండు కిలోల శనగపప్పు ఉడికించాం. పూర్ణం రుబ్బి గిన్నెలోకి తీసి పెట్టాక పక్కింటామె జల్లెడ కోసం వచ్చి, గడప మీదే కూర్చుని అరగంట మాట్లాడింది. ఆమె పోయాక బక్షాలు మొదలుపెట్టాం. మొదటిది తిప్పేసరికి పగిలింది. రెండోదీ అంతే. బెల్లం పెనానికి అంటుకుని మాడు వాసన. అత్తమ్మ నా వైపు చూసి, "చెప్పిన గదా బిడ్డ, ఎవలన్న చూస్తే పూర్ణం జారుతది" అంది. పూర్ణం గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టి నన్ను కలుపుతూ ఉండమని, తను పిడికిట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ తర్వాత చేసినవన్నీ బాగొచ్చాయి. పగిలినవాటిని మలీద ముద్దల్లాగా పిసికి, నెయ్యి వేసి పిల్లలకు పెట్టాం.

కొత్త కోడల్ని, పైగా బీఎడ్ అయిపోయిన ఊపు మీదున్నాను. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల కథ చెప్పాను. మీకూ సిలబస్‌లో కార్యసాధక నిబంధన (ఫలితాన్ని బట్టి ఒక పని అలవాటు కావడం) కింద ఆయన వస్తాడు, కానీ 1948లో ఆయన రాసిన ఈ ప్రయోగం చాలా గైడుల్లో ఉండదు. ఆకలిగా ఉన్న 8 పావురాలను విడివిడిగా పెట్టెల్లో ఉంచాడు. అవి ఏం చేసినా చేయకపోయినా, కొన్ని సెకన్లకోసారి గింజల గిన్నె దానంతటదే ముందుకొస్తుంది. కొన్నాళ్ళకు 8లో 6 పావురాలు ఒక్కోటి ఒక్కో పని పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, ఒకటి పెట్టె మూలకు తల పొడుస్తుంది. గింజలు వచ్చిన క్షణంలో ఏం చేస్తూ ఉన్నాయో దానికే పునర్బలనం (బహుమతి లాంటి ప్రోత్సాహం) దొరికినట్టయి, అదే మళ్ళీ మళ్ళీ చేశాయన్నాడు స్కిన్నర్. దీన్ని మూఢనమ్మకం అని పిలిచాడు. ఆ వివరణ పూర్తిగా సరికాదని 1971లో స్టాడన్, సిమ్మెల్‌హాగ్ అనే ఇద్దరు మళ్ళీ ప్రయోగం చేసి వాదించారు, అది వేరే సంగతి. నేను మాత్రం అత్తమ్మతో "మీరు ఉప్పు మిరపకాయలు తిప్పడం కూడా ఇట్లాంటిదే" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం మామయ్యతో "పెద్ద చదువు చదివిన పిల్ల, నన్ను పావురం అంటుంది" అని చెప్పింది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. మీరు ఆమెకు చెప్పొద్దనడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం 2020లో తెలిసింది.

ఆ ఏడు ఉగాది మార్చి 25. గుర్తుందా? దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. వీధిలో మనిషి లేడు. అత్తమ్మ అప్పటికే మా దగ్గరికి వచ్చి ఉంది. జల్లెడ కోసం కాదు కదా, వేపపువ్వు కోసం కూడా గడప తొక్కినవాళ్ళు లేరు. ఆ రోజు ఒక్కటంటే ఒక్క బక్షం పగల్లేదు. అత్తమ్మ పెనం దించి చేతులు కడుక్కుంటూ తీరిగ్గా అంది: "చూసినవా, ఎవలు రాలే, ఒక్కటి పగల్లే." పదహారేళ్ళ బాకీ తీర్చుకున్నట్టు చెప్పింది. నా దగ్గర జవాబు లేదు. నిజానికి శాస్త్రవేత్తలు ఏరి కోరి వెతుక్కునే పరిస్థితి అది. మనం కల్పించకుండానే లోకం ఒక్క విషయాన్ని మార్చేసింది, ఫలితమూ మారింది. అదీ ఆమె చెప్పిన వైపే.

ఆ కోపంతో పుస్తకం పెట్టాను. మా అబ్బాయి పాత గణితం నోటుబుక్కులో ఒక పేజీ మీద నాలుగు గడులు గీశాను. ఎవరో వచ్చారు, పగిలాయి. ఎవరో వచ్చారు, పగల్లేదు. ఎవరూ రాలేదు, పగిలాయి. ఎవరూ రాలేదు, పగల్లేదు. పరీక్షకు ఇంకేం గుర్తుంచుకోకపోయినా ఈ నాలుగు గడులు గుర్తుంచుకోండి. మన మనసు మొదటి గడిని ఒక్కదాన్నే దాచుకుంటుంది. చూపు తగిలింది, పగిలింది అన్నది కథ అవుతుంది, పది మందికి చెప్పుకుంటాం. ఎవరూ రాలేదు, ఏమీ కాలేదు అన్నది ఎవరికీ గుర్తుండదు, ఎందుకుంటుంది? మీరన్న ధ్రువీకరణ పక్షపాతానికి ఇదే దారి.

కానీ ఆ రోగం అత్తమ్మ ఒక్కదానికే అంటలేదు. పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో చేసిన ఒక చిన్న ఆటను నేను తొమ్మిదో తరగతి పిల్లలతో ఆడిస్తుంటాను. బోర్డు మీద 2, 4, 6 అని రాసి, ఇవి నా మనసులో ఉన్న నియమానికి సరిపోతాయి, మీరు వేరే మూడేసి అంకెలు అడుగుతూ నియమం కనుక్కోండి అంటాను. పిల్లలు 8, 10, 12 అంటారు. సరే అంటాను. 20, 22, 24. సరే. ఇక చేతులు లేస్తాయి, "రెండేసి కలుపుతూ పోవాలి టీచర్!" కాదు. నియమం ఏమిటంటే అంకెలు పెరుగుతూ ఉంటే చాలు. 1, 2, 50 అని అడిగి ఉంటే వెంటనే తెలిసిపోయేది. అలా అడగాలంటే తన ఊహ తప్పయ్యే అంకెలు అడగాలి, అది చాలామందికి తోచదు. ఇంత తెలిసిన నేను ఆ నోటుబుక్కులో ఏం చేశానో తెలుసా? మొదటి ఆరు నెలలూ, చుట్టాలొచ్చినా బక్షాలు బాగొచ్చిన రోజులే శ్రద్ధగా రాశాను. పగిలిన రోజు మాత్రం పండుగ హడావిడిలో మరిచిపోయాను. మరిచిపోయానని నిజంగానే అనుకున్నాను. మా అబ్బాయి చూసి, "అమ్మా, నానమ్మ గెలిచిన రోజులు ఏవి?" అన్నాడు.

అప్పటి నుంచి అంకెలు రాసే పని వాడికే ఇచ్చాం. 2022 ఉగాది దాకా, కామునిపున్నమికి, శ్రావణంలో, ఉత్త ఆదివారాల్లో చేసినవీ కలిపి 14 సార్లు పూర్ణం వండాం. ఎవరో ఒకరు వచ్చిన రోజులు 6, వాటిలో 4 సార్లు పగిలాయి. ఎవరూ రాని రోజులు 8, పగిలింది ఒక్కసారి. ఎలా తిప్పి చూసినా అత్తమ్మ వైపే ఉంది. 14 సార్లు అంటే చాలా తక్కువ. ఏ సంబంధమూ లేకపోయినా, ఉత్తినే ఇంత తేడా కనబడే అవకాశం 100లో 6 దాకా ఉంటుందని మా వాడు లెక్క కట్టాడు. ఆ లెక్క పద్ధతి ఫిషర్ అనే ఆంగ్లేయ గణాంక శాస్త్రవేత్తది. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనన్న ఒకావిడకు 8 కప్పులు ఇచ్చి పరీక్షించిన కథ ఆయనదే. నాలుగు ఇలా, నాలుగు అలా ఉంటాయని ముందే చెప్పి ఇస్తే, ఊహతో అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. మన తెలుగాయన సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే. అత్తమ్మకు ఇదంతా చెబితే, "టీకి గింత లెక్కనా" అంది.

వచ్చినవాళ్ళకూ పగలడానికీ ఏదో సంబంధం ఉందని నాకు నమ్మకం కుదిరింది. ఒప్పుకోవడం కష్టమైంది, కానీ కుదిరింది. ఇక చూపు కాకపోతే మరేమిటి?

మొదట తోచింది పరిమాణం. చుట్టాలు వచ్చేది పండుగకే. పండుగకే రెండు కిలోల పప్పు వండుతాం, ఆదివారం అయితే అరకిలో. రెండు కిలోల పప్పు సరిగా వారదు, అడుగున నీళ్ళు నిలుస్తాయి. అంటే పండుగ అనే ఒక్క కారణం అటు చుట్టాలనూ తెస్తుంది, ఇటు పూర్ణాన్నీ జారుగా చేస్తుంది. చుట్టాలకూ పగలడానికీ నేరుగా ఏమీ లేకున్నా రెండూ కలిసి కనబడతాయి. సహసంబంధం వేరు, కార్యకారణం వేరు అని మీరు చదివేది దీని గురించే. లాక్‌డౌన్ ఉగాదికి చుట్టాలు లేరు నిజమే, పప్పు కూడా ముప్పావు కిలోనే వండాం. అప్పుడు అది నాకు తట్టనే లేదు.

అయితే ఇది సగం జవాబే. ఎందుకంటే చిన్న గిన్నె పూర్ణం కూడా ఒకటి రెండుసార్లు ఎవరో వచ్చినప్పుడే పాడైంది. ఆ రోజు మా అబ్బాయి నోటుబుక్కు మార్జిన్‌లో ఒక ముక్క రాశాడు: "నానమ్మ మూత పెట్టింది." అంతే. బయట చెప్పుల చప్పుడు వినబడగానే అత్తమ్మ చేసే మొదటి పని అది. చూపు పడకుండా వేడి వేడి పూర్ణం మీద స్టీలు పళ్ళెం బోర్లిస్తుంది. 2004లో కూడా అదే చేసింది, నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. ఇప్పుడు గుర్తొచ్చేదాన్ని మరీ ఎక్కువ నమ్మకూడదనుకోండి.

పూర్ణంలోంచి లేచే ఆవిరి చల్లటి స్టీలుకు తగిలి నీళ్ళవుతుంది, బొట్లు బొట్లుగా తిరిగి పూర్ణంలోనే పడుతుంది. బెల్లానికి నీళ్ళంటే ప్రాణం, పడ్డ బొట్టును పట్టేసుకుని పైపైన పాకంలా కరుగుతుంది. చేతికి ముద్ద కట్టినట్టే ఉంటుంది, పిండి లోపల పెట్టి ఒత్తితే మాత్రం పలుచనైన వైపుకి జారిపోతుంది. పెనం మీద ఆ నీళ్ళు మళ్ళీ ఆవిరవుతాయి. నీళ్ళు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి, పైనున్న పలుచటి పిండి పొర దాన్ని ఎక్కడ ఆపుతుంది? పటక్‌మని పగులుతుంది.

అంటే చుట్టం వచ్చాక మూత, మూత వల్ల తడి, తడి వల్ల పగులు. పండుగ ఉదాహరణలో ఒక కారణం వెనకాల నిలబడి రెండింటినీ ఆడించింది. ఇక్కడ మూత మధ్యలో నిలబడి ఒకదాన్నించి ఇంకోదానికి దారి వేసింది. ఈ రెండూ ఒకటి కావు. మొదటి దాంట్లో చుట్టాలను ఆపినా పగుళ్ళు ఆగవు, రెండో దాంట్లో ఆగుతాయి. ఇంకోటి చూడండి: 2004లో దిష్టి తీసేముందు గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టి నన్ను కలపమన్నది కదా. తడి ఆరింది అక్కడ. పేరు వచ్చింది మిరపకాయలకు.

2023 ఉగాదికి ఒకే పూర్ణాన్ని రెండు గిన్నెల్లోకి తీశాం. ఒకదాని మీద స్టీలు మూత, ఒకదాని మీద పలుచటి నూలు బట్ట. అరగంట ఆగి, ఒక్కో గిన్నెలోంచి పదేసి బక్షాలు చేశాం. మూత గిన్నెవి 6 పగిలాయి, బట్ట గిన్నెవి 1. అత్తమ్మకు ఏది ఏ గిన్నెదో చెప్పొద్దనుకున్నాం గానీ, ఆమె ముద్ద చేతిలోకి తీసుకోగానే "ఇది జారుతది" అని పక్కన పెట్టింది. నలభై ఏళ్ళ చెయ్యి, దాని ముందు నా రహస్య పరీక్ష ఏం నిలబడుతుంది!

మరుసటి ఏడు ఉగాదికి నలుగురు చుట్టాలు వంటింట్లోనే కూర్చున్నారు. బట్టే కప్పాం. ఒక్కటి పగల్లేదు. నేను గెలిచాననుకుని అత్తమ్మ వైపు చూశాను. ఆమె తొణకలేదు. "బట్ట కప్పితే చూపు ఆనదు గదా" అంది. మరి స్టీలు మూత కప్పితే ఎట్లా ఆనింది అంటే, "మూత పెట్టకముందే చూసిండ్రు" అంది. తత్వవేత్త పాపర్ అన్నది ఇక్కడే. ఏం జరిగితే నా మాట తప్పని ఒప్పుకుంటానో ముందే చెప్పగలగాలి, అప్పుడే అది శాస్త్రం. అత్తమ్మ దిష్టికి అలాంటి ఫలితం ఏదీ లేదు, బాగొచ్చినా దిష్టే, పగిలినా దిష్టే. ఆ తర్వాత ఆమె అన్న మాటకు మాత్రం నేను నోరు తెరవలేకపోయాను: "చూపు గాదు, మూత అంటవు. ఎవలన్న వస్తేనే గద మూత పెట్టేది?"

టీచర్ కాబోతున్నారు కాబట్టి ఇంకొకటి. బక్షాలు మరీ ఘోరంగా పాడైన ఒక ఏడు తర్వాత అత్తమ్మ వంటింటి గడపకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. తర్వాతిసారి బాగొచ్చాయి. కట్టకపోయినా చాలావరకు అలాగే అయ్యేది. ఏ పనైనా ఒకసారి మరీ చెడిపోతే, మరుసటిసారి మామూలు స్థాయి దగ్గరికే వస్తుంది. సగటు వైపు తిరిగి రావడం అంటారు దీన్ని, తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల లెక్కలతో గాల్టన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త చూపించాడు. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులు, మెచ్చుకుంటే కుర్రాళ్ళు మరుసటిసారి చెడగొడతారు, తిడితే విమానం బాగా నడుపుతారు అని మనస్తత్వ శాస్త్రవేత్త కానెమన్‌తో వాదించారట. ఆయన చెప్పిన వివరణ కూడా ఇదే. బాగా తక్కువ మార్కులొచ్చిన పిల్లవాడిని తిడతాం, మళ్ళీ కొంచెం ఎక్కువొస్తాయి, మన తిట్టు పనిచేసిందనుకుంటాం. స్టాఫ్ రూముల్లో ఈ మాట రోజూ వింటాను. మన నిమ్మకాయలు మనకూ ఉన్నాయి.

ఇదంతా మన పల్లె అత్తమ్మలకే పరిమితం అనుకోకండి. ఇంగ్లండులో గుడ్ ఫ్రైడే నాడు శిలువ గుర్తు వేసి తియ్యటి బన్నులు చేస్తారు. ఆ రోజు కాల్చిన బన్ను బూజు పట్టదని, వంటింట్లో ఏడాదంతా వేలాడదీసేవాళ్ళు, జబ్బు చేస్తే కొంచెం తురిమి మందుగా ఇచ్చేవాళ్ళు. పొయ్యి వేడికి ఎండిపోయిన బన్నులో బూజుకు కావాల్సిన తడి ఎక్కడుంటుంది? పైగా బూజు పట్టినదాన్ని తీసి పారేస్తారు కదా, వేలాడుతూ కనబడేవి పట్టనివే. కాజీపేట నుంచి వచ్చే మా తోటి టీచరుకు ఇది చెబితే, "అక్కడా నీళ్ళేనా" అని నవ్వింది. క్రిస్మస్‌కు కేకూ గులాబీ పువ్వుల పిండివంటా తెచ్చేది ఆమే.

ఇక మీరు చేయాల్సింది. ధ్రువీకరణ పక్షపాతం అన్న మాట జవాబు పత్రంలో రాయండి, వంటింట్లో వద్దు. పప్పు వేళ్ళ మధ్య నలిగేంత ఉడికితే చాలు, మెత్తగా గుజ్జు కానివ్వకండి. తూట్ల గిన్నెలో అరగంట వారనివ్వండి. ఎక్కువ పప్పయితే రెండు విడతలుగా వండండి. బెల్లం కలిపాక గరిటె నిలబడేదాకా దగ్గరికి రానిచ్చి, రుబ్బి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరబెట్టండి. పై పిండి కొంచెం జారుగా తడిపి, నూనె రాసి రెండు గంటలు వదిలేస్తే సాగుతుంది. తొందరపడితే గట్టిగా వెనక్కి లాగి పూర్ణాన్ని ఒక పక్కకు తోసేస్తుంది. పిండీ పూర్ణమూ ఒకే మెత్తన ఉండాలన్నది మా అత్తమ్మ లెక్క, దాంట్లో ఇంతవరకు తప్పు పట్టలేకపోయాను.

చుట్టాలొస్తే మీరే లేచి, "అత్తమ్మా, చూపు ఆనకుండా కప్పుతున్న" అని నూలు బట్ట కప్పండి. ఇది మోసమేమో అని నాకు మొదట్లో అనిపించేది, ఇప్పుడు అనిపించట్లేదు. ఆమె చూపును ఆపుతోంది, నేను ఆవిరిని వదిలేస్తున్నాను, ఇద్దరి బట్టా ఒక్కటే. నోటుబుక్కు పెడితే మాత్రం ఆమెకు తెలిసేలా పెట్టండి, అంకెలు మీరు రాయకండి.

పప్పు వార్చిన కట్టు పారబోయకండి. చింతపండు, కొంచెం పూర్ణం, మిరియాలు వేసి చారు పెట్టండి, మధ్యాహ్నం అన్నంలోకి అదే. మా ఇంట్లో దాంట్లో ఎల్లిపాయ వేయాలా వద్దా అని ఇంకో తగువు నడుస్తోంది. దానికి ఇంకా గడులు గీయలేదు.